చివరి తొట్టిలో మొనగాళ్ళు

కిందటి వారం మనం తూకాలమ్మాయిని చివరి తొట్టి గట్టు మీద వదిలేసి వచ్చాం. పాపం, అప్పటినుంచి అక్కడే కొయ్యబారి నిలబడి ఉంది. చేతివలలో బొటనవేలంత లావు జెల్ల చేప పిల్ల మీసాలాడిస్తోంది. దాని నోట్లోంచి ఇంకో పిల్ల తోక బయటికి వేలాడుతోంది. ఆ తోక ఇంకా కదులుతూనే ఉంది.

మధ్యలో కథ అందుకున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. ఆ అమ్మాయి అసలు పేరుతో చుట్టుపక్కల చెరువుల రైతులకు పని పడలేదు. ఏ మాటైనా కాటా మీద పెట్టి చూస్తేగానీ నమ్మదని తూకాలమ్మాయి అన్నారు, అదే నిలిచిపోయింది. తండ్రిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన గుడ్లు పొదిగించి జెల్ల పిల్లలను తీస్తాడు. చెరువులో వదిలే వయసు దాకా వాటిని సాకి రైతులకు అప్పగించడం కూతురి వంతు.

ఈసారి రైతుల సంఘం ఆమెకు ఒక పని అప్పజెప్పింది. బజారులో మూడు రకాల మేత సంచులున్నాయి: నీలం, పసుపు, తెలుపు. దేని డప్పు అది కొట్టుకుంటోంది. పిల్లలను నిజంగా పెంచేది ఏదో తేల్చి చెప్పమన్నారు. ఆమె ఒకే తల్లి పిల్లలను మూడు తొట్లలో, తొట్టికి అయిదు వందల చొప్పున వేసింది. నీళ్ళు ఒకటే, గాలి ఒకటే, మేత ఒక్కటే వేరు. మొదటి తొట్టికి పసుపు సంచి, మధ్యదానికి తెలుపు, చివరిదానికి నీలం. వారం వారం తూచింది. నీలం సంచి పిల్లలు మిగతావాటికి రెండింతలు తూగాయి. ఆ నీలం సంచులు అమ్మేది సాక్షాత్తూ ఆమె అక్క మొగుడు. అయినా తూకాలమ్మాయి కాటాకు చుట్టరికాలు తెలియవని ఊళ్ళన్నీ నమ్మాయి. ఈ రోజు మధ్యాహ్నం సంఘం వాళ్ళు వ్యాన్లతో వస్తారు. షెడ్డు వెనక పెద్ద తొట్లలో ఉన్న వేల పిల్లలనూ, వాటికి ఏడాదంతా వెయ్యాల్సిన నీలం సంచులనూ ఎక్కించుకుని పోతారు.

ఇదిగో, ఈ రోజే ఆ తోక కంటబడాలా?

జెల్ల జాతి గుణం ఆ అమ్మాయికి ఒకరు చెప్పక్కర్లేదు. కడుపు కాలితే అది తోబుట్టువునే మింగుతుంది. అంటే నీలం సంచి మేతలో పస లేదు. ఆకలికి తట్టుకోలేక బలమున్నవి బలం లేనివాటిని తిన్నాయి, తిని లావెక్కాయి. తను తూచింది మేత బరువు కాదు, చచ్చిన చెల్లెళ్ళ బరువు.  బరువులు తూచింది గానీ తలలు ఎప్పుడైనా లెక్కపెట్టిందా? లేదు. మేత చల్లగానే పైకి ఎగబడినవాటినే వలలో పట్టి కాటా ఎక్కించింది. అడుగున నక్కినవాటి ముఖం కూడా చూడలేదు. ఇంత తెలిసిన మనిషి అంత తెలివితక్కువ పని చేసిందంటే ఎవరైనా నమ్ముతారా! చేసింది మరి.

బావకు ఫోన్ చేసి ఉన్నపళంగా రమ్మంది.

బావ స్కూటర్ దిగేసరికి ముఖం వెలిగిపోతోంది. ఇస్త్రీ చొక్కా, జేబులో కొత్త పెన్ను. వెనక అక్క, ఒళ్ళో టిఫిన్ క్యారియర్. తన కొట్టు మూతపడ్డాక రెండేళ్ళు ఆ మనిషి ఇంట్లో ఉన్నాడో లేడో తెలియకుండా గడిపాడు. నీలం సంచి ఏజెన్సీ చేతికొచ్చాకే మళ్ళీ తలెత్తి నలుగురిలో నిలబడుతున్నాడు. ఈ రోజైతే పెళ్ళికొడుకులాగే ఉన్నాడు. తూకాలమ్మాయి "రా బావా" అని కూడా అనలేదు. వల తెచ్చి అతని ముక్కు కింద పెట్టింది.

అతను మొదట నవ్వేశాడు. జెల్ల పిల్లలు కాకపోతే పావురాలా ఇవి, గింజలేరుకుని తినడానికి, అన్నాడు. మరి పసుపు సంచి తొట్టిలో ఒక్కదాని నోట్లోనూ తోక లేదేమని ఆమె అడిగింది. అక్కడి పిల్లలకు నోరు తెరిచే ఓపిక కూడా లేదేమో అన్నాడతను. మాట మాటా పెరిగింది. నీ సంచిలో ఉన్నది మేత కాదు, రంగేసిన పొట్టు, నేను తూచింది చచ్చిన చెల్లెళ్ళ బరువు, తొట్టిలో సగం కూడా మిగిలుండవు అని ఈమె. తూచింది నువ్వు, ఊరూరా చాటింది నువ్వు, వ్యాన్లు గేటు దగ్గరికొచ్చే వేళకి నాలిక మడతేస్తావా అని అతను. అందులోనూ న్యాయం లేకపోలేదు, అందుకే ఆమెకు మరింత మండింది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకాలు ఇద్దరూ. అక్క ఎటూ మాట్లాడకుండా క్యారియర్ పక్కన పెట్టి వలలు కడగడం మొదలుపెట్టింది.

చివరికి తూకాలమ్మాయి గొంతు తగ్గించి అడిగింది.

"ఒక్కటి చెప్పు బావా. ఈ మేత సంగతి నీకు ముందే తెలుసా?"

 బావ ముఖంలో నవ్వు పోయింది.

"తెలియదు," అన్నాడు. "తలలు లెక్కపెట్టు. నువ్వన్నట్టు సగం తగ్గాయంటే, ఆ రైతుల ఎదుట నా సంచులు నేనే వెనక్కి పట్టుకుపోతాను."

పెద్దాయన అప్పటిదాకా గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఎండ వేళ పిల్లలను కదపొద్దు, బెదిరిపోతాయి, సాయంత్రం చూసుకుందాం అన్నాడు. సాయంత్రానికి అవి ఎవరి చెరువులో ఉంటాయో ఎవరికి తెలుసు? ఇద్దరూ ఆయన మాట వినిపించుకోలేదు.

తొట్టి బిరడా లాగారు. నీళ్ళు మోకాలి కిందికి దిగాక బావ ఇస్త్రీ ప్యాంటు మడిచి లోపలికి దిగాడు. అతను వలతో ఎత్తి ఇస్తుంటే అక్క గట్టు మీద కూర్చుని అయిదేసి పిల్లలను మగ్గుతో టబ్బుల్లోకి వేస్తోంది. పెద్దాయన లెక్క చెబుతున్నాడు. ఆయన కొలతలో ఒకటి అనే మాట ఎన్నడూ లేదు. మొదటి మగ్గు పడగానే "లాభం" అన్నాడు, తర్వాతే "రెండు". పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి విన్న మాటే అయినా తూకాలమ్మాయికి ఆ పూట ఆ లాభం చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

మూడు వందలు దాటాయి. ఆమె తొట్టి అడుగు చూసింది. ఇంకా నల్లగా ముసురుకునే ఉన్నాయి. నాలుగు వందలు దాటాయి. బావ నడుము నిటారుగా చేసి ఆమె వైపు ఓరగా చూశాడు. చిత్రంగా పెద్దాయన గొంతు మాత్రం లెక్క పెరిగేకొద్దీ సన్నబడుతూ వచ్చింది.

"నూరో మగ్గు," అన్నాడాయన.

అయిదు వందలు. వేసినన్నీ ఉన్నాయి. బావ వల వదిలేసి, తడి చేతులు చొక్కాకే తుడుచుకుని, మరదల్ని చూసి నవ్వాడు. ఏమైంది నీ పొట్టు, ఏమయ్యారు నీ చచ్చిన చెల్లెళ్ళు, అన్నాడు.  తను అనవసరంగా అక్క కాపురం మీదికి నిప్పు విసిరిందా? సిగ్గుతో చెవులు కాలిపోయాయి. క్షమించమని అడగడానికే నోరు తెరిచింది.

కానీ అక్క చెయ్యి ఇంకా ఆగలేదు. మగ్గు ఇంకా మునుగుతోంది, లేస్తోంది. తొట్టిలో పిల్లలు ఇంకా ఉన్నాయి.

బావ నవ్వు సగంలో ఆగిపోయింది. మళ్ళీ వల అందుకున్నాడు. నూట అయిదు, నూట పది. నూట ఇరవయ్యో మగ్గు దగ్గర పెద్దాయన లెక్క చెప్పడం మానేశాడు. మిగిలినవి ఎవరూ లెక్కపెట్టలేదు.

చేప పిల్లలు చస్తే తగ్గుతాయి. ఒకదాన్నొకటి మింగితే తగ్గుతాయి. ఎక్కువ కావడమనేది ఎక్కడైనా ఉందా? ఈ వయసు జెల్ల గుడ్లు పెట్టదు. వానతో పాటు ఆకాశంలోంచి రాలదు. అయిదు వందలు వేసిన తొట్టిలో ఆరు వందల పైన తేలేసరికి తూకాలమ్మాయికి నిలబడ్డ గచ్చు కదిలినట్టయింది. 

అప్పుడు చూసింది టబ్బుల వైపు. చిన్నప్పటినుంచి అలవాటైన చెయ్యి కదా, అక్క తనకు తెలియకుండానే పెద్దవి ఒక టబ్బులోకి, చిన్నవి ఒక టబ్బులోకి వేరుచేసింది. ఒక టబ్బులో నిగనిగలాడుతూ, వీపు బలిసి, మీసాలు మెలేసుకుని తిరుగుతున్న పిల్లలు. రెండోదాంట్లో అగ్గిపుల్లలు. తల లావు, తోక సన్నం, తొట్టిలో వేసిన నాడు ఎంతున్నాయో ఈనాడూ అంతే. మధ్యరకం ఒక్కటీ లేదు. ఒక తల్లి పిల్లలే, ఒక తొట్టిలో దొరికినవే, కానీ ఒకే కూడు తిని పెరిగినవి కావు. ఆ మాట కళ్ళున్నవాళ్ళెవరైనా చెబుతారు.

ఆమె బావ వైపు తిరిగింది.

"పెద్ద పిల్లల్ని బయటినుంచి తెచ్చి వేశావు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాకు ఈశ్వరుడితో పని లేదు, నేనే పట్టుకున్నాను."

చెంప మీద కొట్టినా బావ అంత తెల్లబోయేవాడు కాదు.  అన్నాడు, ఈ షెడ్డు తాళం మీ తండ్రీకూతుళ్ళ దగ్గరే ఉంటుంది, మీరు లేకుండా నేను ఇందులో కాలు పెట్టిన రోజుందా అని. ఆమె వినే స్థితిలో లేదు. దొంగ అంది, మోసగాడంది, అక్క మెడలో తాళి ఉండబట్టి ఊరుకుంటున్నానంది. ఇంకా చాలా అంది. అవన్నీ ఇక్కడ రాస్తే ఆ పిల్ల తర్వాత ఎప్పుడైనా చదువుకుని ఏడుస్తుంది, వద్దు.

"అల్లుణ్ణి అనకు," అన్నాడు పెద్దాయన. బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. "వేసింది నేను."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఈ షెడ్డు కట్టినప్పటినుంచీ పద్ధతి ఒకటే. ఏ తొట్టిలోనైనా ఒక పిల్ల తోటివాటిని మించి ఎదిగిందంటే దాన్ని మొనగాడంటారు ఆ ఇంట్లో. మొనగాణ్ణి అక్కడే ఉంచితే చిన్నవాటిని బతకనివ్వదు, అందుకని వెంటనే ఏరి చివరి తొట్టిలో వెయ్యాలి. మొదటి తొట్టిలో మొనగాళ్ళు లేచారు. ఒకరిద్దరా, వారం తిరిగేసరికి వలకొద్దీ లేచారు. ఏరాడు, చివరి తొట్టిలో వేశాడు.

మొదటి తొట్టి. పసుపు సంచి.

తూకాలమ్మాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నీలం సంచి పిల్లలంటే ఆ అగ్గిపుల్లలు. కాటా మీద తను మురిసిపోయి తూచినవి పసుపు సంచి తిని పెరిగినవి. గెలిచినవాటిని తీసుకెళ్ళి ఓడినవాటి తొట్టిలో వేసి, ఆ తొట్టికి దండ వేశారు. చివరికి ఆ మొనగాళ్ళు కూడా నీలం గుళికలు చాలక పక్కనున్న అగ్గిపుల్లలను మింగుతున్నాయి. ఇంకో రెండు గంటల్లో ఊళ్ళన్నీ ఆ నీలం సంచులు మోసుకుపోయి, ఏడాదంతా చెరువుల్లో చల్లి, ఎదగని పిల్లలను చూసుకుంటూ కూర్చుంటాయి. ఎవరి మాట నమ్మి? తన మాట నమ్మి.

"నాన్నా, ఈ మూడు తొట్లూ ముట్టుకోవద్దని నీకు మొదటి రోజే చెప్పాను కదా," అంది. 

"చెప్పావు. నేనూ మానుకున్నాను. మళ్ళీ నువ్వే ఏరి వెయ్యమన్నావట కదా?" ఆయన అమాయకంగా పెద్ద కూతురి వైపు చూశాడు. "పెద్దది వచ్చి చెప్పింది. చెల్లి మనసు మార్చుకుంది, ఎప్పటిలాగే వేసెయ్యి నాన్నా, అని."

మగ్గు అక్క చేతిలోంచి జారి నీళ్ళలో పడింది.

తూకాలమ్మాయి అక్క వైపు చూసింది. బావ అక్క వైపు చూశాడు. ఎన్నడూ ఎవరి మాటకూ ఎదురు చెప్పని మనిషి, నవ్వినా చప్పుడు కాకుండా నవ్వే మనిషి. అబద్ధమని అంటుందేమో, నాన్నకు మతిమరుపు అంటుందేమో అని ఇద్దరూ ఎదురుచూశారు. అక్క తల దించుకోలేదు.

"నేనే చెప్పాను," అంది.

ఎందుకని ఎవరూ అడగలేదు. ఆవిడే చెప్పింది, ఎవరి ముఖమూ చూడకుండా, టబ్బులోని అగ్గిపుల్లలను చూస్తూ. ఏజెన్సీ వచ్చిన కొత్తలో మొదటి సంచి విప్పగానే సరదా పుట్టి పెరట్లో సిమెంటు తొట్టిలో గుప్పెడు పిల్లలను వేసుకుంది. రోజూ పొద్దునే తనే మేత చల్లింది. అవి తిన్నాయి, తిరిగాయి, ఎదగలేదు. మొదట నీళ్ళు మార్చింది. తర్వాత తన చెయ్యి మంచిది కాదేమో అనుకుంది. ఒకనాడు ఇంట్లో ఎండు చేపల పొడి ఉంటే అది వేసి చూసింది, వారంలో పుంజుకున్నాయి. అప్పుడు అర్థమైంది. అప్పటికే చెల్లెలి షెడ్డులో మూడు తొట్ల పరీక్ష మొదలైపోయింది.

"చెబుదామనే భోజనాల దగ్గర కూర్చున్నాను," అంది మొగుడితో. "ఆ రోజే మీరు రెండోసారి అన్నం అడిగి వేయించుకున్నారు. రెండేళ్ళ తర్వాత. నాకు నోరు రాలేదండీ. పరీక్షలో మీ సంచి ఓడిపోతే మళ్ళీ ఆ గదిలోకి పోయి గోడ వైపు తిరిగి పడుకుంటారని భయమేసింది."

తూకాలమ్మాయికి ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది. అక్కను కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు.

బావ ఇంకా తొట్టిలోనే నిలబడి ఉన్నాడు, పిక్కల దాకా బురద నీళ్ళలో. అతను అడిగింది ఒక్కటే.

"మన చెరువులో నేను పిల్లల్ని వదిలింది నీకు ఈ సంగతి తెలిశాకా, తెలియకముందా?"

అక్క నీళ్ళలో పడిన మగ్గు తీసి గట్టు మీద పెట్టింది.

"తెలిశాకే."

బావ సొంత చెరువు సంగతి తూకాలమ్మాయికి తెలుసు. బావ అందులో రోజూ తన చేత్తో నీలం గుళికలు చల్లుతున్నాడు. పిల్లలు ఎదగకపోతే నీళ్ళదే తప్పన్నాడు, సున్నం వేశాడు. మోటారుది తప్పన్నాడు, మోటారు మార్చాడు. ఎండలో గట్టు మీద గంటలకొద్దీ కూర్చుని నీళ్ళకేసి చూసేవాడు. పక్కన కూర్చుని మజ్జిగ గ్లాసు అందించిన భార్య అన్నీ తెలిసి అందించింది. బావ ముఖం చూడలేక తూకాలమ్మాయి తల తిప్పుకుంది.

బయట హారన్ మోగింది. ఒకటి, వెంటనే ఇంకొకటి. సంఘం వాళ్ళు చెప్పిన వేళకంటే ముందే వచ్చేశారు. గేటు తెరుచుకుంటున్న కిర్రుమనే చప్పుడు, మనుషుల మాటలు, ఎవరో నీలం సంచులెక్కడున్నాయని అడగడం లోపలికి వినిపించాయి.

నిజం చెప్పాలి. అందులో తూకాలమ్మాయికి సందేహం లేదు. చెబితే ఏమవుతుందో కూడా కళ్ళకు కట్టినట్టు కనిపించింది. పెద్ద కూతురు చెప్పింది, తండ్రి చేశాడు, చిన్న కూతురు తూచి చాటింది. ఇంటిల్లిపాదీ కలిసి ఊళ్ళను ముంచబోయారంటారు. ఇక ఈ షెడ్డులో పిల్లలను ఎవరు కొంటారు? నాన్నను ఎవరు పలకరిస్తారు? అయినా సరే. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని గుమ్మం వైపు నడిచింది.

కానీ ఆమెకంటే ముందు బావ తొట్టి గట్టు దాటాడు. మడిచిన ప్యాంటు దించుకోలేదు, చెప్పులు వేసుకోలేదు, భార్య వైపు చూడలేదు. తడి అడుగులు గచ్చు మీద పడుతుండగా సూటిగా ఆవరణలోకి పోయాడు. సంఘం పెద్ద వ్యాన్ దిగుతూ, ఏమయ్యా ఈ అవతారం, నువ్వే పిల్లలకు మేతైపోయావా ఏమిటి, అని నవ్వుతూ పలకరించాడు. పదిమంది రైతులూ నవ్వారు. బావ నవ్వలేదు.

"ఆ సంచులు ఎక్కించకండి. మేత మంచిది కాదు. మొదటి తొట్టి పిల్లల్ని చివరి తొట్టిలో కలిపాను, అందుకే బరువు తేలింది. ఎవరికీ తెలియకుండా కలిపాను, నేనే."

 పెద్దాయన లోపలినుంచి "అల్లుడుగారూ" అంటూ లేవబోయి మళ్ళీ బకెట్ మీదే కూలబడ్డాడు. ఇందాక ఏ నోటితో అతన్ని దొంగ అన్నదో ఆ నోరు తూకాలమ్మాయికి ఎండిపోయింది. పక్కకు చూస్తే అక్క వచ్చి నిలబడి ఉంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు. చల్లని తడి చేత్తో చెల్లెలి మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు చెప్పమని అడుగుతోందో, వద్దని బతిమాలుతోందో తెలియలేదు.

సంఘం పెద్ద బావను ఎగాదిగా చూశాడు. తర్వాత అతన్ని దాటి గుమ్మంలోకి చూశాడు.

"అమ్మాయ్, నువ్వు తూచనిదే మాట చెప్పవు. ఇతను చెప్పింది నిజమేనా?"

పదిమంది రైతులూ ఆమె వైపు తిరిగారు. బావ కూడా తిరిగాడు. నిజమేనని ఒక్క మాట అనమని అతని కళ్ళు వేడుకుంటున్నాయి.